క్రాంకుకు టికెట్టు

మూడో కడ్డీ ఇది.
మొదటిది వంగిపాయ, తప్పు నాది.
రెండోది ఉలి కరిచి పిన్ను కాడ ఇరిగిపాయ,
తప్పు కరెంటుదని ఇంట్లో చెప్పినాను గానీ
అదీ నాదే.

ఆదోనిలో జిన్నింగు మిల్లులు మూసుకునే కాలం.
గాలిలో దూది తేలడం ఆగిపోయినాక
పగలంతా ఖాళీ, రాత్రంతా లేతు.
వంటింటి వెనక రేకుల కింద,
మాబున్నీ కుట్టుమిషను కంటే రెండు జానలు పొడుగు, అంతే.
ఇది తిరిగితే పక్కింటి ఈరభద్రప్ప టీవీలో
వార్తలు చదివే మనిషి వణుకుతాడు.

కడ్డీ లారీ యాక్సిలుది, తూకానికి కొన్నాను.
ఎన్ని ఘాట్లు ఎక్కి దిగిందో,
ఆ నల్లటి కథంతా సుళ్లు సుళ్లుగా రాలిపాయ.
లోపల తెల్లగుండాది.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన బేతంచెర్ల బండ ముక్క,
పాలిషు పట్టింది,
దానిమీద నిలబెట్టి గీత గీసినాను.
నడుమ ఒక చుక్క.
దానికి తొమ్మిది మిల్లీమీటర్ల ఎడంగా ఇంకో చుక్క.
ఈ తొమ్మిదే ఇంజను.
ఇది లేకుంటే ఉట్టి కడ్డీ,
ఎంత తిరిగినా ఎవర్నీ పైకెత్తదు, కిందికి దించదు.

ఎడం చుక్క మీద పట్టి స్విచ్చేస్తే
తిక్క పట్టిన పోతు మాదిరి ఊగులాట.
బల్ల కాళ్లకు ఇసక మూటలు కట్టినాను.
చుట్టుకొకసారే ఉలికి అందుతాది ఇనుము.
టక్.
ఏమీ లేదు.
టక్.
ఏమీ లేదు.
మా తాత దూదేకేటప్పుడు
వింటినారి మోతకూ మోతకూ నడుమ
ఇంతే జాగా ఉండేది.
ఆ జాగాలోనే ఆయన బీడీ పీల్చేవాడు.

"దోసెకు లేని శెనగనూనె ఇనుముకా?"
అనింది మాబున్నీ.
అని, గిన్నెలో సగం పోసి పోయింది.

లోతుకు పోయే కొద్దీ
దెబ్బలు దగ్గరపడవు, పొడుగవుతాయి.
ఒకదాని తోక ఇంకోదాని తలకు తగిలే రాత్రి
రెండున్నరకు
సుయ్యిమని ఒకటే పాట.
పిన్ను గుండ్రమైనట్టు
కళ్లకంటే ముందు చెవులకే తెలిసింది.

నాకు తొమ్మిదేండ్లప్పుడు
నాయన పిండిమర ఇంజను క్రాంకు అరిగిపోతే
గోనెసంచిలో చుట్టి బళ్లారి బస్సెక్కినాము.
కండక్టరు కాలితో తట్టి, "ఏందిది?"
"క్రాంకు."
"టికెట్టు తియ్."
దానికి ఫుల్లు, నాకు హాఫు.
డబ్బులిచ్చినాం గదా అని నాయన
దాన్ని సీట్లో కూచోబెట్టి నన్ను నిలబెట్టినాడు.
తిరిగొచ్చేటప్పుడు అది మెరస్తా ఉండాది.
వంగి చూస్తే నా మొకం సాగి, ముక్కు జానెడు.
ముట్టుకోబోతే నాయన అరిచినాడు:
"చెమట చెయ్యి పెట్టొద్దు, తుప్పు తింటాది."

రెక్కల నడుమ బోల్టు బిగించి, నొక్కుకోకుండా,
ఈసారి అసలు చుక్క మీద పట్టినాను.
వెంట్రుకను ఏడుగా చీలిస్తే
అందులో రెండు చీలికలు ఎక్కువ తిన్నాది ఒక పక్క.
ఎవరికీ చెప్పను.
బుష్షును దానికి తగ్గట్టు తొలుస్తాను,
సంసారం మాదిరే.

ఆఖరి కోతలో కరెంటు పాయ.
కరెంటు లేకున్నా అది తిరగతానే ఉండాది,
చీకట్లో,
ఎన్ని చుట్లో లెక్కపెట్టలేదు.
ఆగినాక చెయ్యేసి చూసినాను.
వెచ్చగుండాది.
వెంటనే లుంగీతో తుడిచినాను.

తెల్లారి గౌసియా అడిగింది,
"ఇదేం చేస్తాది నాయనా?"
"తిరుగుతాది."
"తిరిగి?"
నేను నూనె గిన్నె కడుగుతాన్నాను.
ఆ పిల్లే కూరగాయల తక్కెట్లో పెట్టి చూసింది.
మూడు కిలోల కడ్డీలో
అరకిలోకు రెండు వంకాయలు తక్కువ.

ఏ కండక్టరూ టికెట్టు అడగడు దీనికి.
అడిగితే బాగుండు.